వానలకు ముందే గడ్డి మిషన్‌ను రెడీ చేసుకోండి: చీనీ తోటల వాళ్ళకు సమగ్ర మార్గదర్శి

అనంతపురం, కడప వైపు గడ్డి మిషన్ (భుజానికి తగిలించుకుని కసువు కోసే పెట్రోల్ బ్రష్ కట్టర్) కథ ఏటా ఒకటే. సంక్రాంతి దాటాక ఆఖరి కోత కోసేసి కొట్టంలో ఓ మూలకు ఆనించేస్తాం, బుడ్డల (వేరుశనగ) మూటల పక్కనో డ్రిప్ పైపు చుట్టల మీదో. మళ్ళీ అది గుర్తొచ్చేది జూన్‌లో పదును వాన పడి, చీనీ (బత్తాయి) పాదుల్లో కసువు మోకాలెత్తు లేచాకే. అప్పుడు తీసి తాడు లాగితే భుజం నొప్పి తప్ప ఇంకేమీ రాదు. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే అప్పటికే ఊళ్ళో ఉన్న మిషన్లన్నీ అక్కడే వరసగా పడుకుని ఉంటాయి, "పెట్టిపో అన్నా, నాలుగు రోజులు పడుతుంది" అంటాడు. కూలికి పెట్టి కోయిద్దామంటే అందరూ విత్తనం పనుల్లో ఉంటారు. ఈ లోపల కసువు పూతకొచ్చి గింజ రాల్చేస్తుంది, ఇంక ఆ ఏడంతా దానితోనే కుస్తీ.

అందుకే ఈ పని రోహిణి కార్తెలో పెట్టుకోండి. మే ఆఖరి వారం నుంచి జూన్ 7 దాకా ఎండకు ఎటూ తోటలో పెద్దగా పని చేయలేం, కొట్టం నీడలో కూర్చుని ఒక పూట కేటాయిస్తే చాలు. ఇంటర్నెట్‌లో దొరికే ఇంగ్లీషు గైడ్లు మార్చి, ఏప్రిల్‌లో మిషన్ సర్వీసు చేసుకోమంటాయి, వాళ్ళకు చలికాలం పోయి పచ్చిక లేచేది అప్పుడు. మనకు, అనంతపురం లెక్కన, ఏడాది మొత్తం మీద పడేదే 550 మిల్లీమీటర్ల దగ్గర, అందులో ఎక్కువ వాన సెప్టెంబర్‌లో. కాబట్టి మన గడ్డి సీజన్ మృగశిరలో మొదలై నవంబర్ దాకా నడుస్తుంది, సంక్రాంతి తర్వాత ఆఖరి కోత అయ్యాక మిషన్ ఖాళీగా ఉండేది మండు వేసవిలో. ఈ ఎండాకాలపు ఖాళీయే అసలు సమస్య. నేను చూసినంతలో ఈ మిషన్లలో ఇంజన్ చెడిపోయేది తక్కువ, ట్యాంకులో మిగిలిన పెట్రోల్ చెడిపోయి మిగతావన్నీ చెడగొట్టేది ఎక్కువ. అందుకే కింద పెట్రోల్ గురించి కాస్త ఎక్కువే రాశాను, ఓపికగా చదవండి.

కావలసిన సామాన్లు పెద్దగా ఏమీ లేవు: మిషన్‌తో పాటు వచ్చిన పానాలు, ప్లగ్గు పానా, అలెన్ కీలు, ఒక ఆకురాయి, పాత టూత్ బ్రష్, చిన్న డబ్బా గ్రీజు, మందుల షాపులో దొరికే సిరంజి, పాత గుడ్డలు. నేల మీద తెల్లటి సంచి ఒకటి పరుచుకుని దాని మీద విప్పండి, చిన్న స్క్రూ కింద పడినా కనబడుతుంది.

1. ముందు మీ మిషన్ టూ స్ట్రోకా, ఫోర్ స్ట్రోకా?

ఇది తెలియకుండా మొదలుపెట్టొద్దు. ఇంజన్‌కు ఆయిల్ పోసే మూత విడిగా ఉంటే అది ఫోర్ స్ట్రోక్, పెట్రోల్‌లో ఏమీ కలపక్కర్లేదు. పెట్రోల్ మూత ఒక్కటే ఉండి, దాని మీద పెట్రోల్ పంపు బొమ్మ పక్కన ఆయిల్ చుక్క బొమ్మ ఉంటే టూ స్ట్రోక్, దానికి 2టీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్ల ఆయిల్) కలిపిన పెట్రోలే పోయాలి. టూ స్ట్రోక్‌లో ఉత్త పెట్రోల్ పోసి నడిపితే పిస్టన్ పట్టేస్తుంది, ఆ రిపేరు ఖర్చు వింటే కొత్త మిషన్ కొనుక్కోవడమే నయం అనిపిస్తుంది. ఇంట్లో రెండు రకాలూ ఉన్నవాళ్ళు పెట్రోల్ క్యాన్ల మీద పెయింట్‌తో పెద్దగా రాసుకోండి. తోటలో పని చేసే మనిషికి చదువు రాకపోతే క్యాన్ల రంగులైనా వేరేగా ఉండాలి.

2. పాత పెట్రోల్ మొత్తం తీసేయండి

కొంచెమే కదా ఉంది, దాని మీదే కొత్తది పోసేద్దాం అనుకుంటారు. వద్దు. మామూలు పెట్రోల్ కూడా నెలా రెండు నెలలకు ఎండకు తేలిక భాగమంతా ఎగిరిపోయి, మిగిలింది జిగురులా మారుతుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఈ20, అంటే అందులో 20 శాతం ఇథనాల్. దానికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. తేమ ఒక హద్దు దాటిందంటే ఇథనాల్, నీళ్ళు కలిసి పెట్రోల్ నుంచి విడిపోయి ట్యాంకు అడుక్కు చేరతాయి. గడ్డి మిషన్‌లో పెట్రోల్ పీల్చే ఫిల్టర్ బరువుగా ఉండి అడుగునే పడి ఉంటుంది కదా, తాడు లాగగానే ఇంజన్ మొదట తాగేది ఆ అడుగు నీళ్ళనే. ఇక స్టార్ట్ ఎక్కడవుతుంది? టూ స్ట్రోక్‌లో ఇంకో ఇబ్బంది కూడా ఉంది, 2టీ ఆయిల్ పైన పెట్రోల్‌లోనే ఉండిపోతుంది, అడుగు నీళ్ళలో ఆయిల్ ఉండదు. ఒకవేళ ఎలాగో స్టార్ట్ అయినా ఆయిల్ తడి లేకుండా తిరుగుతుంది.

మూత తీసి, ట్యాంకును వంచి, ఉన్నదంతా ఒక గాజు సీసాలోకి ఒంపండి. పది నిమిషాలు కదపకుండా పెట్టి వెలుగులో చూడండి. అడుగున వేరే పొర కనబడినా, పుల్లటి వార్నిష్ వాసన కొట్టినా, రంగు ముదిరి టీ డికాషన్‌లా ఉన్నా అది పనికిరాదు. ఆ సీసాను పక్కన పెట్టి మెకానిక్ షాపులో ఇచ్చేయండి, అక్కడ విడిభాగాలు కడగడానికి వాడుకుంటారు. బోరు పక్కనో చెట్టు మొదట్లోనో పారబోయొద్దు. చెత్త కుప్ప మీద పోసి అగ్గిపుల్ల గీయడం అసలే వద్దు, ఎండల్లో ఆ మంట మీరనుకున్న చోట ఆగదు.

తర్వాత కాస్త కొత్త పెట్రోల్ పోసి, మూత బిగించి, బాగా కుదిపి అదీ ఒంపేయండి. అడుగున మట్టి, ఎండిన జిగురు ఉంటే రెండోసారి కూడా కడగాలి. ఈ పనంతా బయట గాలి ఆడే చోట చేయండి, బీడీ, పొయ్యి, మోటారు స్టార్టర్ ఏదీ దగ్గర ఉండకూడదు.

3. కొత్త పెట్రోల్ కలపడం

టూ స్ట్రోక్ మిషన్‌కు ఎంత ఆయిల్ కలపాలో కంపెనీ పుస్తకంలో ఉంటుంది, చాలా వాటికి ట్యాంకు మూత మీదా ఉంటుంది. 25:1 అని ఉంటే లీటరు పెట్రోల్‌కు 40 మి.లీ. ఆయిల్, 50:1 అని ఉంటే 20 మి.లీ. మన దగ్గర ఎక్కువగా కనబడే చవక 52 సీసీ మిషన్లకు మామూలుగా 25:1 చెబుతారు, పేరున్న కంపెనీల వాటికి వాళ్ళ ఆయిల్‌తో 50:1 ఉంటుంది. పక్క తోట ఆయన ఎంత కలుపుతున్నాడో అడిగి అంతే కలపడం సరికాదు, ఆయన మిషన్ వేరు.

అంచనాతో మూతతో పోయొద్దు. సిరంజితో కొలిచి తీసుకోండి. క్యాన్‌లో ముందు సగం పెట్రోల్ పోసి, ఆయిల్ వేసి, మూత పెట్టి కుదిపి, తర్వాత మిగతా పెట్రోల్ పోసి మళ్ళీ కుదపండి. ట్యాంకులోనే పెట్రోల్, ఆయిల్ విడివిడిగా పోసేసి మిషన్‌ను ఊపితే కలిసినట్టు కాదు. 2టీ ఆయిల్‌కు మామూలుగా ఆకుపచ్చ, నీలం లాంటి రంగు ఉంటుంది కాబట్టి కలిపిన పెట్రోల్ చూడగానే గుర్తుపట్టొచ్చు. ట్రాక్టర్ ఇంజన్ ఆయిల్ గానీ బైక్‌కు వాడే ఫోర్ స్ట్రోక్ ఆయిల్ గానీ దీనికి బదులు వాడకూడదు, అది పూర్తిగా కాలక మసి పట్టిస్తుంది. కలిపింది నెల లోపల అయిపోయేటంతే కలుపుకోండి, ఊరి నుంచి బంకు దూరమని ఇరవై లీటర్లు కలిపి పెట్టుకుంటే మళ్ళీ మొదటి కథే.

ఫోర్ స్ట్రోక్ వాళ్ళు ఈ సందర్భంలోనే ఇంజన్ ఆయిల్ మార్చేయండి. వేడిగా ఉన్నప్పుడు పాత ఆయిల్ తేలిగ్గా దిగుతుంది, కాబట్టి మిషన్ స్టార్ట్ అయ్యే స్థితిలో ఉంటే రెండు నిమిషాలు నడిపి, ఆపి, ఒంపండి. 10డబ్ల్యూ-30 ఆయిల్ మామూలుగా సరిపోతుంది. ఈ చిన్న ఇంజన్లకు పట్టేది చాలా తక్కువ, హోండా జీఎక్స్35 ఇంజన్‌కైతే 100 మి.లీ. అంతే. ఎక్కువ పోస్తే బలం రాదు, తెల్లటి పొగ వచ్చి ఎయిర్ ఫిల్టర్ ఆయిల్‌తో తడిసిపోతుంది. మిషన్‌ను సమంగా నేల మీద పెట్టి, నోటి అంచు దాకా వచ్చిందా లేదా చూడండి.

4. పైపు, ఫిల్టర్, ప్రైమర్ బుడగ

ట్యాంకు నుంచి కార్బురేటర్‌కు (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం) వెళ్ళే సన్నటి పైపు చూడండి. ఎండకు గట్టిపడి గోరుతో నొక్కితే పగుళ్ళు కనబడుతుంటే మార్చేయాలి, ఇథనాల్ వల్ల పాత రకం రబ్బరు ఉబ్బి మెత్తబడటం కూడా ఉంది. ఇంకో సంగతి, బుడ్డల మూటలున్న కొట్టంలో ఎలుకలు ఉండకుండా ఉండవు, వాటికి ఈ పైపన్నా ఎయిర్ ఫిల్టర్ స్పాంజ్ అన్నా భలే ఇష్టం. పైపు మీద పంటి గాట్లు ఉన్నాయేమో ట్యాంకు కింది వైపు కూడా వేలుతో తడిమి చూడండి. కొత్త పైపు మీటరు కొన్నా పెద్ద ఖర్చు కాదు, పాతదాని ముక్క తీసుకెళ్ళి అదే లావుది తెచ్చుకోండి.

ట్యాంకు లోపలి ఫిల్టర్‌ను కొక్కెంలా వంచిన తీగతో నోటి గుండా బయటికి లాగొచ్చు. అది నల్లబడి, ఊదితే గాలి సులువుగా పోకపోతే కొత్తది వేయండి. అసలు ఫిల్టర్ లేకుండా నడిపే మహానుభావులు కూడా ఉన్నారు, ఎర్రమన్ను రేణువు ఒక్కటి కార్బురేటర్ సన్న రంధ్రంలో ఇరుక్కున్నాక తెలుస్తుంది.

ఇప్పుడు పెట్రోల్ పోసి ప్రైమర్ బుడగ (కార్బురేటర్‌లోకి పెట్రోల్ లాగే మెత్తటి బుడగ) నొక్కండి. లోపల ఏం జరుగుతోందో ఇదే చెబుతుంది. నొక్కితే పెట్రోల్‌తో నిండి, మళ్ళీ పైకి లేస్తే పైపులన్నీ బాగున్నట్టు. నొక్కాక లోపలికే అతుక్కుపోయి మెల్లగా లేస్తుంటే ఫిల్టరో పైపో మూసుకుపోయింది. ఎంతసేపు నొక్కినా గాలి బుడగలే వస్తుంటే ఎక్కడో చిల్లి ఉంది, లేదా పైపు సరిగ్గా ఎక్కలేదు. బుడగే పగిలి వేళ్ళకు పెట్రోల్ అంటుకుంటే బుడగ ఒక్కటే మార్చుకోవచ్చు, దాని కోసం కార్బురేటర్ మొత్తం కొనక్కర్లేదు.

5. ఎయిర్ ఫిల్టర్

స్పాంజ్ రకమైతే సబ్బు నీళ్ళలో నలిపి కడిగి, మెలిపెట్టకుండా పిండి, నీడలో పూర్తిగా ఆరబెట్టండి. తర్వాత రెండు మూడు చుక్కల ఇంజన్ ఆయిల్ వేసి అంతా అంటుకునేలా పిసికి, ఎక్కువైంది పిండేయండి. దుమ్మును పట్టేది ఆ ఆయిల్ తడే. ఎండిపోయి పొడిపొడిగా రాలుతుంటే కడగడం దండగ, కొత్తది వేయండి. కాగితం రకాన్ని నీళ్ళలో ముంచొద్దు, మెల్లగా తట్టి దులపండి చాలు. మన నేలల్లో, ముఖ్యంగా వాన వెనకబట్టి దుమ్ము లేస్తున్న రోజుల్లో, సీజన్‌కు ఒకసారి కడిగితే సరిపోదు, రెండు మూడు ట్యాంకులకు ఒకసారి మూత తీసి చూసుకోవాలి.

6. ప్లగ్గు

ప్లగ్గు చుట్టూ ఉన్న మట్టిని ముందు బ్రష్‌తో తుడిచి, ఆ తర్వాతే విప్పండి, లేకపోతే ఆ మట్టి తిన్నగా సిలిండర్‌లోకి పోతుంది. ప్లగ్గు మొన లేత ఇటుక రంగులో ఉంటే ఇంజన్ బాగా కాలుతోందన్నమాట. నల్లగా తడిగా ఉంటే ఆయిల్ ఎక్కువ కలుపుతున్నారు, లేదా చోక్ (స్టార్ట్ చేసేటప్పుడు గాలిని తగ్గించే మూత) తీయకుండా నడుపుతున్నారు, లేదా ఎయిర్ ఫిల్టర్ మూసుకుంది. తెల్లగా కాలినట్టుంటే పెట్రోల్ సరిపోక గాలి ఎక్కువ పోతోంది, ఇది ప్రమాదం, ఇలాగే నడిపితే ఇంజన్ వేడెక్కి పట్టేస్తుంది. మొనల మధ్య సందు 0.6 నుంచి 0.7 మి.మీ. ఉంటే చాలా మిషన్లకు సరిపోతుంది.

బిగించేటప్పుడు మొదట చేత్తోనే పూర్తిగా తిప్పాలి, వంకరగా ఎక్కితే అల్యూమినియం మరలు పోతాయి. చేతికి ఆగాక పానాతో పావు చుట్టు, కొత్త ప్లగ్గు అయితే సగం చుట్టు. ఏడాదికో ప్లగ్గు మార్చేయడం నా పద్ధతి, దాని ధరకు లెక్కలు అనవసరం. షాపుకు పాత ప్లగ్గు పట్టుకెళ్ళండి, బైక్ ప్లగ్గు పొడవు వేరు, అది పట్టినట్టే పట్టి లోపల పిస్టన్‌కు తగలొచ్చు.

7. కార్బురేటర్ ఎప్పుడు విప్పాలి

ఇంతవరకు చేశాక స్టార్ట్ అయితే కార్బురేటర్ జోలికి పోవద్దు. చోక్ వేస్తే ఒక్క క్షణం పలికి ఆగిపోతున్నా, రేస్ ఇవ్వగానే గొంతు పట్టేసినట్టు చచ్చిపోతున్నా అప్పుడు జిగురు పేరుకున్నట్టు లెక్క. కార్బురేటర్ క్లీనర్ స్ప్రే దొరుకుతుంది, కానీ దాన్ని కొట్టే ముందు రబ్బరు పొరలు, అంటే డయాఫ్రమ్‌లు తీసి పక్కన పెట్టాలి, వాటికి అది తగిలితే పాడవుతాయి. విప్పే ముందు ప్రతి దశలో ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ఏ పొర మీద ఏ పొర ఉందో మరిచిపోయామంటే గంటలు పోతాయి. పొర వేళ్ళ మధ్య మెత్తగా వంగాలి, గట్టిపడి చప్పుడు చేస్తుంటే దాని పని అయిపోయింది, డయాఫ్రమ్ కిట్ వేయండి. సన్న రంధ్రాల్లో ఇనుప తీగ గుచ్చొద్దు, టూత్ బ్రష్ నైలాన్ పోగు చాలు. ఎల్, హెచ్ అని రాసి ఉన్న స్క్రూలు తెలియకుండా తిప్పొద్దు, యూట్యూబ్ చూసి తిప్పినవాళ్ళే మెకానిక్‌లకు మంచి గిరాకీ.

8. రెక్కలు, సైలెన్సర్, తాడు

ప్లాస్టిక్ కవర్ విప్పి సిలిండర్ చుట్టూ ఉన్న రెక్కల మధ్య ఇరుక్కున్న కసువు పొట్టు, దుమ్ము గీకి తీసేయండి. 40 డిగ్రీల ఎండలో ఆ రెక్కలకు గాలి ఆడకపోతే ఇంజన్ ఎంతసేపు ఓర్చుకుంటుంది? సైలెన్సర్ నోట్లో ఒకసారి టార్చ్ వేసి చూడండి, వాడకుండా ఉన్న నెలల్లో కందిరీగలు మట్టితో గూడు కట్టేస్తాయి. స్టార్ట్ అయినా రేస్ అందుకోకపోతే సైలెన్సర్ జాలీకి మసి పట్టిందేమో చూడాలి. తాడు పోగులు లేచి ఉంటే ఇప్పుడే మార్చండి, తోట మధ్యలో తెగితే చేసేదేమీ ఉండదు.

9. గేర్ బాక్స్, బ్లేడ్

బ్లేడ్ మీద ఉండే ఆ చిన్న గేర్ డబ్బాను ఎవరూ పట్టించుకోరు, ఎండిపోయి గరగరమని అరిచేదాకా. పక్కన ఒక బోల్టు ఉంటుంది, దాన్ని విప్పి లిథియం గ్రీజు కొంచెం లోపలికి ఎక్కించాలి, 20, 25 గంటల పనికి ఒకసారి. పూర్తిగా కుక్కొద్దు. ట్రాక్టర్ గ్రీజు గన్ పెట్టి ఒత్తేస్తే సీలు బయటికి తన్నుకొస్తుంది. వీపుకు తగిలించుకునే రకమైతే లోపలి కేబుల్‌ను బయటికి లాగి, తుడిచి, గ్రీజు రాసి పెట్టండి.

బ్లేడ్ విప్పే ముందు ప్లగ్గు క్యాప్ పీకేయండి, ఇందులో మినహాయింపు లేదు. గేర్ డబ్బా మీది రంధ్రంలో అలెన్ కీ దూర్చి, తిరగకుండా ఆపి, నట్టు విప్పాలి. చాలా మిషన్లలో ఈ నట్టు రివర్స్ మర, గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది. మామూలు నట్టు అనుకుని ఇంకా బలంగా బిగించి, పైపు తొడిగి లాగి, చివరికి మర కోసేసుకునేవాళ్ళు చాలామంది.

విప్పిన బ్లేడ్‌ను కడిగి, వేలికి వేలాడదీసి స్క్రూడ్రైవర్‌తో తట్టండి. ఖంగుమంటే సరే, డొల్లగా పలికితే ఎక్కడో పగులు ఉంది. పళ్ళ మొదట్లో, నడిమి రంధ్రం చుట్టూ వెంట్రుకంత గీతల కోసం చూడండి. పగిలిన బ్లేడ్‌ను వెల్డింగ్ పెట్టించడం మాత్రం వద్దు, నిమిషానికి వేల చుట్లు తిరిగే ఇనుము అది. పదును పోయిన మూడు పళ్ళ బ్లేడ్‌ను ఆకురాయితో పదును పెట్టొచ్చు, ఒక్కో పంటికి ఎన్ని గీట్లు గీస్తే మిగతావాటికీ అన్నే గీయాలి. తర్వాత గోడకు కొట్టిన మేకుకు తగిలించి చూడండి, ప్రతిసారీ ఒకే పన్ను కిందికి దిగుతుంటే అటు బరువెక్కువ, ఇంకాస్త గీయాలి. బరువు సమంగా లేని బ్లేడ్ పెడితే సాయంత్రానికి చేతులు తిమ్మిరెక్కుతాయి, బోల్టులన్నీ వదులవుతాయి.

ఏ బ్లేడ్ ఎక్కడ? ముదిరిన వయ్యారిభామకు, ఏపుగా లేచిన కసువుకు మూడు పళ్ళది. గట్ల మీది కంప చెట్ల పిలకలకు రంపం లాంటి 80 పళ్ళది. చెట్ల మొదళ్ళ దాపున, రాళ్ళున్న చోట, గట్టు అంచున నైలాన్ తీగ. గరుకు ఎర్ర నేలలో రోజంతా ఇనుప బ్లేడ్‌తో కోస్తే సాయంత్రానికి అది మొద్దుబారుతుంది, కాబట్టి రెండు రకాలూ దగ్గరుంచుకోవడం మేలు. కొనేటప్పుడు నడిమి రంధ్రం చూడండి, 25.4 మి.మీ., 20 మి.మీ. రెండు సైజులూ అమ్ముతారు.

నైలాన్ తీగ గురించి ఒక చిట్కా. మన ఎండలకు అది లోపలి తేమ ఆరిపోయి పెళుసుబారుతుంది, రాయికి తగలకుండానే పుటుక్కున తెగుతుంది. వాడే ముందు రాత్రి చుట్ట మొత్తం బకెట్ నీళ్ళలో నానబెట్టండి, తేడా మీకే తెలుస్తుంది.

లాన్ మూవర్ ఉన్నవాళ్ళకు

ఫంక్షన్ హాళ్ళు, స్కూళ్ళు, కొత్త ఇళ్ళ ముందు లాన్ వేసినవాళ్ళకు ఉండేది నాలుగు చక్రాల మిషన్. పెట్రోల్, ప్లగ్గు, ఫిల్టర్ పనులన్నీ పైన చెప్పినట్టే. బ్లేడ్ కోసం పక్కకు వంచేటప్పుడు ఎయిర్ ఫిల్టర్, కార్బురేటర్ పైకి ఉండేలా వంచండి, తప్పు వైపు వంచితే ఇంజన్ ఆయిల్ ఆ ఎయిర్ ఫిల్టర్‌లోకి దిగి పొగతో సరిపోతుంది. బ్లేడ్‌ను కప్పి ఉండే డెక్ అడుగున ఎండి గట్టిపడిన గడ్డిని చెక్కతో గీకేయాలి, అది ఉంటే కోసిన గడ్డి సంచిలోకి ఎగరదు. మొదటి వానకు లాన్ ఎంత పెరిగినా ఒక్కసారే నున్నగా గొరిగేయొద్దు, ఎత్తులో మూడో వంతుకు మించి కోయకూడదు, లేకపోతే తర్వాతి ఎండకు పసుపెక్కిపోతుంది.

10. గార్డు, బెల్టు, బోల్టులు

గార్డు అడ్డంగా ఉందని తీసి పారేసినవాళ్ళు దాన్ని వెతికి మళ్ళీ బిగించండి. నైలాన్ తీగ వాడేవాళ్ళకైతే తీగను సరైన పొడవుకు కోసేది కూడా ఆ గార్డుకున్న కత్తే. భుజం బెల్టు కొక్కెం, హ్యాండిల్ బోల్టులు, సైలెన్సర్ బోల్టులు అన్నీ ఒక చుట్టు చూసి బిగించండి. బెల్టు పొడవును నడిపే మనిషి ఎత్తుకు సర్దాలి, మిషన్ వేలాడదీస్తే బ్లేడ్ నేలకు కొద్దిగా పైన సమంగా ఉండాలి. నడుము నొప్పి వచ్చేది మిషన్ బరువుతో కాదు, సరిగ్గా సర్దని బెల్టుతో.

11. స్టార్ట్ చేయడం

నేల మీద పెట్టి, బ్లేడ్ దేనికీ తగలకుండా చూసుకుని, ప్రైమర్ ఆరేడు సార్లు నొక్కండి. చోక్ మూసి తాడు లాగండి. మొదట తాడు బిగువు తగిలేదాకా మెల్లగా, ఆ తర్వాత ఒక్క గుంజు. చివరిదాకా లాగి వదిలేయొద్దు, చేత్తోనే వెనక్కి పోనివ్వండి. ఒకసారి పలికి ఆగిందంటే చోక్ తెరిచి మళ్ళీ లాగాలి. చాలామంది ఆ మొదటి పలుకు వినబడక చోక్ మూసే లాగుతూ ఉంటారు, అప్పుడు లోపల పెట్రోల్ నిండి ప్లగ్గు తడిసిపోతుంది. అలా అయితే ప్లగ్గు తీసి తుడిచి, చోక్ తెరిచి, ప్లగ్గు లేకుండానే నాలుగైదు సార్లు తాడు లాగి, కాసేపాగి మళ్ళీ మొదలుపెట్టండి.

రెండు మూడు నిమిషాలు వేడెక్కాక యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసి చూడండి. ఇంజన్ నిలకడగా తిరగాలి, బ్లేడ్ మాత్రం ఆగి ఉండాలి. బ్లేడ్ కూడా తిరుగుతుంటే ఐడిల్ స్క్రూ కాస్త తగ్గించండి. తగ్గించినా ఆగకపోతే క్లచ్ స్ప్రింగ్ పోయింది, అది సరి చేసేదాకా తోటలోకి తీసుకెళ్ళొద్దు.

12. మొదటి కోతకు ముందు తోటలో చేయాల్సినవి

మిషన్ రెడీ అయినంత మాత్రాన తోట రెడీ అయినట్టు కాదు. వేసవిలో డ్రిప్ లాటరళ్ళు (చెట్ల వరుసల వెంట పోయే సన్న పైపులు) అటూ ఇటూ జరిగి కసువు కింద దాక్కుంటాయి, బ్లేడ్‌కు మొదట దొరికేవి అవే. ఒక మనిషి ముందు నడిచి పైపులన్నీ చెట్ల మొదళ్ళ వైపు జరపాలి, వాల్వులు, గొట్టాలు ఉన్న చోట కర్ర పాతి గుడ్డ కట్టాలి. రాళ్ళు, పాత వైరు ముక్కలు, మందు సీసాలు ఏరేయాలి. రాయి తగిలితే అది ఎటు ఎగురుతుందో చెప్పలేం, అందుకే 50 అడుగుల లోపల మనుషులు, పిల్లలు, గొర్రెలు ఎవరూ ఉండకూడదు.

చీనీ చెట్టు మొదలు దగ్గర చాలా జాగ్రత్త కావాలి. బ్లేడ్ సరే, నైలాన్ తీగ తగిలినా మొదలు చుట్టూ బెరడు లేచిపోతుంది. పాదులో తడి ఉన్న రోజుల్లో ఆ గాయంలోంచి ఫైటాఫ్తోరా అనే తెగులు క్రిమి లోపలికి పోయి బంక తెగులు పట్టుకుంటుంది, కొన్నాళ్ళకు చెట్టు కొమ్మలు ఎండటం మొదలవుతుంది. కాబట్టి మొదలు నుంచి రెండడుగుల మేర మిషన్ ఆపేసి, అక్కడ కొడవలితోనో చేత్తోనో తీయించండి. పొరపాటున గాయమైతే అదే రోజు బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయండి. ఇంత కష్టం ఎందుకు, ట్రాక్టర్‌తో దున్నేస్తే పోలేదా అనేవాళ్ళు ఉంటారు, కానీ చీనీకి ఆహారం తీసుకునే సన్న వేళ్ళు పైపైనే ఉంటాయి, లోతుగా దున్నితే అవి తెగుతాయి. కోసిన కసువు పాదులో పరిస్తే తేమ కూడా నిలుస్తుంది, మొదలుకు ఆనకుండా ఒక జానెడు ఖాళీ వదలాలి అంతే.

వయ్యారిభామను పూత రాకముందే కోసేయాలి. పూతలో ఉన్నప్పుడు కోస్తే పుప్పొడి మొహం మీద పడి తుమ్ములు, దురదలు, కొందరికి ఆయాసం కూడా వస్తుంది. నిండు చేతుల చొక్కా, మాస్కు తప్పనిసరి. తుంగ మీద మాత్రం ఆశలు పెట్టుకోవద్దు, కింద గడ్డలు ఉన్నంతకాలం ఎన్నిసార్లు కోసినా లేస్తుంది, మిషన్ చేసేది దాన్ని అదుపులో ఉంచడమే.

కంటికి అద్దాలు, కాలికి బూట్లు, మందపాటి ప్యాంటు లేకుండా దిగొద్దు. లుంగీ పైకి కట్టుకుని చెప్పులతో కోసేవాళ్ళను చూస్తే నాకు టెన్షన్. రాళ్ళ సంగతి అటుంచి, ఎత్తు కసువులో పాములుంటాయి. చాలా మిషన్లలో బ్లేడ్ పైనుంచి చూస్తే గడియారానికి ఎదురు దిశలో తిరుగుతుంది, కాబట్టి కుడి నుంచి ఎడమకు ఊపుతూ కోయాలి. బ్లేడ్ ముందు కుడి వైపు అంచు గట్టి మోడుకో రాయికో తగిలితే మిషన్ ఒక్కసారిగా మనిషి మీదికి తన్నుతుంది. చెట్ల వరుస ఎడమ చేతి వైపు ఉండేలా నడిస్తే కోసిన కసువు పాదు వైపే పడుతుంది, మళ్ళీ ఎత్తి వేసే పని తగ్గుతుంది.

ఎండ ముదరకముందే మొదలుపెట్టండి. ఒక ట్యాంకు అయిపోయాక ఇంజన్‌ను నీడలో పది నిమిషాలు చల్లారనిచ్చి తర్వాతే పెట్రోల్ పోయండి, కాలే సైలెన్సర్ మీద నాలుగు చుక్కలు పడినా అంటుకుంటుంది. ఆ పది నిమిషాల్లో ప్లగ్గు క్యాప్ పీకి, బ్లేడ్ నట్టు ఒకసారి పానాతో బిగించి చూడండి, కొత్తగా ఎక్కించిన బ్లేడ్ మొదటి ట్యాంకుకే కాస్త వదులవుతుంటుంది.